ఎముకకు విశ్రాంతి, మనిషికి నడక

ఆమె ప్రభుత్వాసుపత్రి ఎముకల వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఇద్దరిదీ ఒకే వీధి. మాస్టారి తల్లికి ఎనభై దాటాయి. బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి దగ్గర తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు, ఇంటికి పంపారు. ఆవిణ్ణి మంచం దించాలా వద్దా అన్న దగ్గర తగువు మొదలైంది.

మాస్టారు: సిస్టరమ్మా, మీరంటే మా ఇంటిల్లిపాదికీ గౌరవం. కానీ మా కోడలితో మీరన్న మాట నాకు మింగుడు పడలేదు. ఇంకా కుట్లు కూడా విప్పలేదు, అప్పుడే అమ్మని లేపి నిలబెట్టమంటారా? విరిగిన ఎముక అతకాలంటే కదపకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆరు వారాలు మంచం మీదే ఉంచుతాను. ఏం కావాలన్నా మంచం దగ్గరికే తెస్తాను. కన్నతల్లికి ఆ మాత్రం చేసుకోలేనా?

సిస్టర్: ఎందుకు చేసుకోలేరు మాస్టారూ! మీ ప్రేమకి లోటు లేదు, నా భయమల్లా ఆ ప్రేమతోనే. డిశ్చార్జి కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి. ఇదిగో, మందుల పట్టీ కింద ఇంగ్లీషులో ఒక్క లైను. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు ఆ కాలి మీద బరువు మోపించమని రాశారు. మీకెవరైనా చదివి చెప్పారా?

మాస్టారు: మందులు ఏ పూటవి ఆ పూట వేయమన్నారు, కుట్లు విప్పడానికి ఫలానా రోజు రమ్మన్నారు. ఈ లైను ఊసే ఎత్తలేదు. ఎత్తినా నేను వినేవాణ్ణి కాదనుకోండి. విశ్రాంతిని మూఢనమ్మకం కింద కొట్టిపారేయకండి. విరిగిన కాలు కదలకుండా పట్టి ఉంచడానికి మీ వార్డులో వాడే థామస్ స్ప్లింటు ఎవరిది? హ్యూ ఓవెన్ థామస్‌ది. పంతొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్‌లో వైద్యం చేశాడు. మన పుత్తూరు కట్టువాళ్లలాగే వాళ్లదీ తరతరాలుగా ఎముకలు కట్టే వంశం. తండ్రి చేసిందీ ఆ పనే. థామస్ జీవితమంతా వాదించింది ఒక్కటే: దెబ్బతిన్న చోటికి విశ్రాంతి కావాలి, అది బలవంతంగానైనా ఇవ్వాలి, మధ్యలో తెగకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులు నూటికి ఎనభైమంది చనిపోతుంటే, ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ పూనుకుని ఆ స్ప్లింటును యుద్ధరంగానికి చేర్చాక మరణాలు ఇరవై లోపుకి పడిపోయాయి. కదలనివ్వకపోవడం వల్లే కదా వాళ్లు బతికింది?

సిస్టర్: నిజమే, కదలనివ్వకపోవడం వల్లే. అయితే కదలనివ్వనిది ఎముకని. మనిషిని మాత్రం కందకంలోంచి తీసి, స్ట్రెచర్ మీద వేసి, ఆంబులెన్సులో మైళ్ల దూరం కదిలించారు. విరిగిన ముక్కలు ఊగి లోపల కండని చీల్చకుండా, రక్తం పోకుండా ఆ స్ప్లింటు పట్టి ఉంచింది కాబట్టే ఆ ప్రయాణంలో ప్రాణాలు నిలిచాయి. మామ్మగారి తుంటిలో రాడ్డు చేసేదీ అదే పని, కాకపోతే లోపలి నుంచి. జర్మనీలో గెర్హార్డ్ కుంట్షర్ అనే సర్జన్ 1939లో తొడ ఎముక లోపలికి పొడవాటి మేకు దించడం మొదలుపెట్టాడు. 1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు కొందరు ఏఓ అనే బృందంగా ఏర్పడ్డారు. ఎముకని గట్టిగా బిగించేది రోగిని తొందరగా కదిలించడానికేనన్నది వాళ్ల మూలసూత్రాల్లో ఒకటి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తొడ విరిగినవాళ్లని బరువులు వేలాడదీసి, ట్రాక్షన్‌లో వారాల తరబడి ఉంచేవాళ్లం. వేరే దారి లేక ఉంచేవాళ్లం. ఇప్పుడు దారి ఉంది. రాడ్డు వేయించి కూడా ఆరు వారాలు పడుకోబెడితే ఇక ఆపరేషన్ ఎందుకు చేయించినట్టు?

మాస్టారు: రాడ్డు కొత్తదే. అది దిగిన ఎముక ఎనభై ఏళ్లది. లోపల పట్టు ఎంత ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

సిస్టర్: సర్జన్‌కి తెలుసు. తెరిచి చూసినవాడు ఆయన, ఎక్స్‌రేలో బిగింపు చూసుకున్నాకే ఆ లైను రాశారు. నా మాట అందరికీ ఒకటే శాసనం కాదు మాస్టారూ. కొన్ని విరుగుళ్లలో కాలు నేలకి ఆనించకూడదంటారు. వెన్నెముక నిలకడగా లేనివాళ్లని కర్ర దుంగని దొర్లించినట్టు ముగ్గురు నలుగురు కలిసి ఒకేసారి తిప్పాలి. ఆ సంగతి డాక్టరే చెప్పాలి. కాలు మోపకూడదన్నా కూర్చోవచ్చు, చేతులు ఆడించవచ్చు, బాగున్న కాలు మడిచి చాపవచ్చు, గట్టిగా ఊపిరి పీల్చి వదలవచ్చు. మనిషి మొత్తాన్ని ఆపేయాల్సిన విరుగుళ్లు చాలా తక్కువ.

మాస్టారు: సరే, పడుకుంటే వచ్చే నష్టమేమిటో చెప్పండి. మహా అయితే కాస్త నీరసం. లేచాక నాలుగు రోజులు పాలూ గుడ్లూ పెడితే అదే తిరిగి వస్తుంది.

సిస్టర్: మీరు సైన్సు మాస్టారు, లెక్కలే చెబుతాను. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లని ఐదుగురిని మూడు వారాలు మంచం మీద ఉంచారు. శ్రమ చేసేటప్పుడు శరీరం ఆక్సిజన్‌ని వాడుకునే శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఐదుగురినే వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. ముప్పై ఏళ్ల వయసు తీసుకున్న సత్తువ కంటే ఆ మూడు వారాల మంచం తీసుకున్నదే ఎక్కువని తేలింది.

మాస్టారు: వాళ్లు కుర్రాళ్లు. ముసలివాళ్ల లెక్క వేరు.

సిస్టర్: వేరే, ఇంకా అధ్వానం. సగటున అరవై ఏడేళ్లున్న ఆరోగ్యవంతుల్ని పది రోజులు పడుకోబెట్టి చూసిన పరిశోధన 2007లో అచ్చయింది. పది రోజుల్లో కాళ్ల కండ దాదాపు ఒక కిలో కరిగిపోయింది. వాళ్లకి విరిగిందేమీ లేదు, తిండి తింటూనే ఉన్నారు. మామ్మగారికి దెబ్బ, ఆపరేషన్, తిండి మీద అయిష్టం, మూడూ ఉన్నాయి. ఆరు వారాల తర్వాత మీరు లేపుదామన్నా లేవడానికి కాళ్లలో ఏముంటుంది? పైగా మీరు కాపాడాలనుకునే ఎముక కూడా బరువు మోపితేనే గట్టిగా ఉంటుంది. పడుకున్న మనిషి ఎముకలోంచి కాల్షియం కరిగి మూత్రంలో పోతుంది. అతకడానికని పడుకోబెట్టి మిగతా ఎముకల్ని గుల్ల చేస్తామన్నమాట.

మాస్టారు: ఇదంతా మీ ఎముకల వార్డు వరకేనా, లేక వైద్యులందరూ ఒప్పుకున్నదేనా?

సిస్టర్: 1947లోనే రిచర్డ్ ఆషర్ అనే లండన్ వైద్యుడు రోగిని మంచానికి అప్పగించడం ఎంత ప్రమాదమో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1999లో లాన్సెట్ పత్రికలో పదిహేను రకాల జబ్బుల మీద జరిగిన 39 పరీక్షల్ని ఒకచోట చేర్చి చూశారు. మంచం పట్టించడం వల్ల చెప్పుకోదగ్గ మేలు ఒక్క విషయంలోనూ కనిపించలేదు. కీడు మాత్రం కొన్నిటిలో కనిపించింది. తుంటి విరిగిన వృద్ధుల్లో నూటికి ఇరవై నుంచి ముప్పై మంది ఏడాది తిరక్కుండా పోతారు. అందులో అప్పటికే ఉన్న జబ్బుల వాటా పెద్దదే. మంచం వాటా మాత్రం మన చేతిలో ఉన్నది. వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల కింది భాగం పూర్తిగా విచ్చుకోదు, కఫం అడుగున నిలిచి న్యుమోనియా అవుతుంది. నడిచేటప్పుడు పిక్క కండ బిగుసుకుని రక్తాన్ని గుండె వైపు తోస్తుంది. ఆ తోపు లేక రక్తం నిలిచిపోతుంది. రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలు: ప్రవాహం మందగించడం, నాళానికి దెబ్బ తగలడం, గడ్డకట్టే గుణం పెరగడం. ఆపరేషనైన తుంటిలో మూడూ ఉన్నాయి. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే క్షణాల్లో ప్రాణం పోవచ్చు. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బిగుసుకుపోయే కీళ్లు సరేసరి.

మాస్టారు: ఆ రక్తం పలచన చేసే బిళ్లలు మా ఆవిడ ఆపేసింది, వేడి చేస్తున్నాయని.

సిస్టర్: ఈ రాత్రే మళ్లీ మొదలుపెట్టించాలి. ముందు డాక్టరుకి ఫోన్ చేసి, ఎన్ని పూటలు తప్పాయో చెప్పండి. తప్పినవన్నీ కలిపి ఒకేసారి వేయకండి. తుంటి ఆపరేషన్ తర్వాత ఐదు వారాల దాకా వాడమనడం మామూలే. ఒక పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె రాసి మర్దనా చేయకండి. గడ్డ ఉంటే మన చేత్తోనే దాన్ని కదిలించినట్టవుతుంది. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

మాస్టారు: చేస్తాను. బిళ్లల విషయంలో మీ మాటే ఖాయం. కానీ పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించమని ఒక కట్టుబాటు పెట్టారు చూడండి, అది మాత్రం కాగితం మీద రాసుకోవడానికే బాగుంటుంది. రెండు గంటలకోసారంటే రోజుకి పన్నెండు సార్లు. అర్ధరాత్రి, రెండింటికి, నాలుగింటికి. అమ్మకి నిద్ర లేదు, మాకూ లేదు. ఇంతకీ ఈ రెండు గంటల లెక్క ఎవరు పెట్టారు?

సిస్టర్: ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అనే నర్సు, తన సహచరులతో కలిసి ఆసుపత్రుల్లో వృద్ధుల సేవ మీద పరిశోధన చేసి 1962లో ప్రచురించింది. అప్పటిదాకా పుండ్లకి రకరకాల పూతలు రాసేవాళ్లు. పూతల కంటే పక్క తిప్పడమే ముఖ్యమని ఆమె చూపించింది. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగితే సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. అది గంటల తరబడి సాగితే కండ లోపలే చచ్చిపోతుంది. పైకి పుండు కనిపించేది ఆ తర్వాత. ఇక మీ లెక్క విషయానికొస్తే, మీ వైపే ఒక సాక్ష్యం చెబుతాను. అమెరికా, కెనడాల్లోని వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో మంచి ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్లని రెండు, మూడు, నాలుగు గంటలకోసారి తిప్పి చూశారు. 2013లో వచ్చిన ఫలితాల్లో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మాస్టారు: చూశారా! మరి రెండు గంటలని ఎందుకు ప్రాణం తీస్తారు?

సిస్టర్: మంచి పరుపు ఉన్నప్పటి మాట అది. మీరు అమ్మగారిని పడుకోబెట్టింది నవారు మంచం మీద. నడుము దగ్గర కుంగిపోయి బరువంతా పిర్రల మీదే పడుతోంది. గట్టి బల్ల మంచం మీద మంచి ఫోమ్ పరుపు వేయండి. చర్మం చూసి గంటలు నిర్ణయించుకోండి. నడుము కింద, తుంటి పక్కన, మడమల దగ్గర రోజుకి రెండుసార్లు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. నొక్కినా రంగు మారలేదంటే పుండు మొదలైనట్టే. మనవి చామనఛాయ ఒళ్లు, ఎరుపు తెలియకపోవచ్చు. చుట్టుపక్కల కంటే నల్లబడిందా, వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తాకి చూడాలి. మచ్చ లేకపోతే రాత్రి ఎడం పెంచుకోండి. కనిపిస్తే తగ్గించండి.

మాస్టారు: మా ఆవిడ అక్కడ కొబ్బరినూనె పెట్టి రుద్దుతోంది. మడమల కింద గ్లవ్జుల్లో నీళ్లు నింపి పెట్టింది, ఆసుపత్రిలో పక్క మంచం వాళ్లని చూసి.

సిస్టర్: రెండూ వద్దు. నలిగిన చోట రుద్దితే లోపల ఇంకా నలుగుతుంది. నీళ్ల గ్లవ్జు మడమ మీద ఒత్తిడిని తీయలేదు. పిక్క పొడవునా దిండు పెట్టి మడమ గాలిలో తేలేట్టు చూడండి. పాదం బయటికి వాలిపోకుండా చూసుకోండి. మోకాలి పక్కన నరం నలిగితే పాదం పైకి లేవకుండా జారిపోతుంది. వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టి గంటల తరబడి కూర్చోబెట్టకండి. ఒళ్లు కిందికి జారుతుంది, చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, ఆ రెంటి మధ్య రక్తనాళాలు మెలిపడతాయి. పక్కకి తిప్పేటప్పుడు కూడా పూర్తిగా తుంటి మీద వేయకుండా, వీపు వెనక దిండు పెట్టి ఏటవాలుగా ఉంచండి.

మాస్టారు: ఇన్ని చెప్పారు, ఇవన్నీ ఎవరు చేయాలో మాత్రం చెప్పలేదు. నా అసలు ప్రశ్న అదే. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కోడలికి ఉద్యోగం, చిన్న పిల్లాడు. ఆసుపత్రిలోనూ అంతే. అమ్మని తిప్పింది నర్సులు కాదు, నేనూ మా ఆవిడే. బెడ్‌పాన్ పెట్టిందీ మేమే. నర్సమ్మ ఇంజక్షన్‌కి వచ్చేది, బీపీ చూసి వెళ్లేది. ఇవాళ మీరు సైన్సు చెప్పి ఆ పనంతా మా ఇంటి మీదికి నెడుతున్నారు. దీన్నే నర్సింగ్ అంటారా?

సిస్టర్: నెట్టింది నిజమే. కాదని అబద్ధం చెప్పను. బోధనాసుపత్రి వార్డుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్కదాన్నే తిరిగిన నాకు ఆ అంకెలు చదివితే నవ్వొస్తుంది. ఇంజక్షన్లు, డ్రెస్సింగులు, సెలైన్లు, కేస్‌షీట్లు పూర్తయ్యేసరికి తెల్లారేది. తిప్పడం, కూర్చోబెట్టడం, నోరు కడగడం, నాలుగు అడుగులు వేయించడం, నర్సింగ్‌కి ప్రాణమైన ఈ పనులే ముందు జారిపోయేవి. చేయలేదని కేస్‌షీటులో కనిపించదు కాబట్టి అవే జారిపోయేవి. పుండు పడ్డాక మాత్రం నర్సు నిర్లక్ష్యం అంటారు. మంచాలు లెక్కపెట్టి నర్సుల్ని లెక్కపెట్టని వాళ్ల నిర్లక్ష్యం గురించి ఎవరూ అడగరు.

మాస్టారు: ఇప్పుడు దారికొచ్చారు. మరి మనుషుల్లేని చోట మంచమే గతి అన్న నా మాట తప్పెలా అవుతుంది?

సిస్టర్: మంచాన ఉన్న మనిషికే మనుషులు ఎక్కువ కావాలి కాబట్టి తప్పవుతుంది. పడుకున్నవాళ్లకి పన్నెండుసార్లు పక్క తిప్పాలి, పడకలోనే అన్నీ తీయాలి, ఒళ్లు తుడవాలి, పుండు పడితే నెలల తరబడి డ్రెస్సింగ్ చేయాలి. కమోడ్ కుర్చీ దాకా వచ్చే మనిషికి ఒక ఆసరా చాలు. ఈ వారం మీరు పడే శ్రమ వచ్చే ఆరు నెలల శ్రమని తప్పిస్తుంది. మీ కోడలు, మీ ఆవిడ అన్నారు గాని, మీ పేరు ఆ జాబితాలో లేదేం మాస్టారూ?

మాస్టారు: అమ్మ సిగ్గుపడుతుందమ్మా. స్నానం, బాత్‌రూమ్ పనులకి ఆడవాళ్లే కావాలంటుంది.

సిస్టర్: ఆ పనులకి ఆడవాళ్లే ఉండనివ్వండి. దుప్పటి పట్టుకుని పక్క తిప్పడానికి సిగ్గేముంది? వాకర్ పట్టించి వెనక నిలబడటానికి కొడుకు కంటే ఎవరు కావాలి? రాత్రి రెండు పూటలు మీవి. ముందు ఎత్తే పద్ధతి నేర్చుకోండి, లేకపోతే రేపు మీరూ ఆ పక్క మంచం మీదే ఉంటారు. రోగుల్ని ఎత్తీ ఎత్తీ నడుములు పోగొట్టుకున్న నర్సుల సంగతి ఎవరికీ పట్టదు. నేను బెల్టు లేకుండా గంటసేపు నిలబడలేను. అమెరికాలో ఉద్యోగుల భద్రత చూసే నియోష్ సంస్థ నిపుణులు రోగిని చేతులతో ఎత్తడానికి 16 కిలోల హద్దు పెట్టారు. మామ్మగారు యాభై కిలోలు. అంటే ఎవరూ ఒంటరిగా ఎత్తకూడని బరువే.

మాస్టారు: మరి ఎలా? మేం చంకల కింద చేతులు వేసి పైకి లాగుతున్నాం.

సిస్టర్: అదే వద్దు. ఆవిడ భుజాలు దెబ్బతింటాయి, మీ నడుములూ దెబ్బతింటాయి. భుజాల నుంచి తొడల దాకా వచ్చేట్టు ఒక గట్టి దుప్పటి మడిచి కింద పరవండి. ఇద్దరు చెరోవైపు నిలబడి, అంచులు ఒంటి దగ్గరికంటా చుట్టి పట్టుకుని, మోకాళ్లు వంచి, నడుము తిన్నగా ఉంచి, ఒక్కమాట మీద జరపండి. ఈడ్చొద్దు. బాగున్న మోకాలు మడిచి పాదం పరుపుకి తన్నిపెట్టమంటే ఆవిడే సగం పని చేస్తుంది. మనిషిని బరువుగా చూస్తే బరువే. తనంతట తాను ఎంత చేయగలదో అడిగి, మిగిలినదే మనం చేయాలి.

మాస్టారు: అడిగాం. అసలు చిక్కంతా అక్కడే. "నన్నొదిలేయండ్రా, నేను లేవను" అంటోంది. నొప్పి వద్దని చెబుతుంటే వినకపోవడం హింస కాదా? పైగా రెండు రాత్రుల నుంచి చనిపోయిన మా తాతయ్యని పిలుస్తోంది. అది విన్నాక ఇంక ఎందుకు కష్టపెట్టడం అనిపించింది.

సిస్టర్: ఆ మాట ముందే చెప్పాల్సింది. దాన్ని పోయే కాలం కింద లెక్కేయకండి. ఆపరేషనైన వృద్ధుల్లో ఉన్నట్టుండి మతి తప్పడం చాలా మామూలు, చాలావరకు నయమయ్యేది కూడా. కారణం వెతకాలి. నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపు కదలకపోవడం, నిద్రమాత్ర, ఏదైనా కావచ్చు. రేపే డాక్టరుకి చెప్పండి. కళ్లజోడు పెట్టండి, పగలు కిటికీ తెరవండి, ఎదురుగా గడియారం ఉంచండి, రాత్రి నిద్రపోనివ్వండి. పగలు కూర్చోబెట్టడం కూడా దీనికి మందే. ఇక లేవనన్న మాటకొస్తే, ఎందుకు లేవనంటోందో అడిగారా?

మాస్టారు: నొప్పి, పడతానన్న భయం. బెడ్‌పాన్ అడగాలంటే చిన్నతనం. అందుకే నీళ్లు తాగడం కూడా మానేసింది.

సిస్టర్: మూడింటికీ ఉపాయం ఉంది. డాక్టరు రాసిన నొప్పి బిళ్ల లేపడానికి అరగంట ముందు ఇవ్వండి. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి, అప్పుడు నీళ్లు ఆవిడే అడిగి తాగుతుంది. భయం పోవాలంటే ఒక వరస కావాలి. మొదట మంచం అంచున కాళ్లు వేలాడేసి కొన్ని నిమిషాలు కూర్చోబెట్టండి. కళ్లు తిరుగుతున్నాయేమో అడగండి. తిరిగితే మళ్లీ పడుకోబెట్టి కాసేపాగి ప్రయత్నించండి. నిలబడ్డాక వాకర్ ముందుకి, తర్వాత ఆపరేషనైన కాలు, ఆ తర్వాత బాగున్న కాలు. కుర్చీలోనైనా గంటకి మించి ఒకే తీరున ఉంచకండి. అంతా చేసినా వద్దంటే ఆ పూటకి వదిలేయండి. మరో పూట మళ్లీ అడగండి. బతిమాలడం వేరు, బలవంతం వేరు. తిండి మాటేమిటి?

మాస్టారు: గంజి, మజ్జిగ, ఇడ్లీ. పప్పు, గుడ్డు, వంకాయ ఆపేశాం, కుట్లు చీము పడతాయని.

సిస్టర్: కండ కరుగుతున్న మనిషికి మాంసకృత్తులు ఆపేశారు మాస్టారూ! సైన్సు పాఠంలో పిల్లలకి మీరు చెప్పిందేమిటి? పప్పు తింటే చీము పట్టదు. కిడ్నీ జబ్బు లేకపోతే పప్పు, గుడ్డు, పాలు, చేపలు, ఏది ఇష్టమైతే అది ప్రతి పూటా పడాలి. చిన్నగా జారిపడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. దానికి మందు రాయమని డాక్టరుని అడగండి. లేకపోతే రెండో తుంటికీ ఇదే గతి పడుతుంది.

మాస్టారు: మా తమ్ముడు ఒకటే పోరు, ఇదంతా ఎందుకు, పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించుకొద్దాం అని. వాళ్ల కట్టుతో చేతులు బాగైనవాళ్లని కళ్లారా చూశాను.

సిస్టర్: చూసే ఉంటారు. పక్కకి జరగని చిన్న విరుగుళ్లు, అందులోనూ పిల్లలవి, పట్టీ వేసి కదలకుండా ఉంచితే అతుకుతాయి, పసరు కట్టయినా పిండికట్టయినా. తుంటి అలాంటి చోటు కాదు. దాన్ని బయటి నుంచి ఏ కట్టూ పట్టి ఉంచలేదు, ఇప్పటికే లోపల రాడ్డు కూడా ఉంది. కట్టు ఎవరు కట్టినా, మా ఆసుపత్రిలో వేసిన పిండికట్టయినా, ఒక్కటి గుర్తుంచుకోండి. బిగుసుకున్న కట్టు కింద వాపు పెరిగితే కండకి రక్తం అందదు. కొన్ని గంటల్లోనే చెయ్యి శాశ్వతంగా వంకరపోవచ్చు. ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ 1881లోనే దీన్ని వివరించాడు. మందుకి లొంగకుండా పెరిగే నొప్పి, వేళ్లు చాపబోతే ప్రాణం పోయినట్టుండటం, తిమ్మిరి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. వేళ్లు నీలంగా చల్లబడేదాకా చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. కట్టు విప్పించండి.

మాస్టారు: రేపు ఉదయం నొప్పి బిళ్ల వేసి అంచున కూర్చోబెడతాను. మీరు పక్కన ఉండాలి. కానీ సిస్టరమ్మా, నా ఫిర్యాదు అలాగే ఉంది. ఇవన్నీ ఆసుపత్రిలోనే నేర్పాల్సింది. మా వీధిలో రిటైరైన హెడ్ నర్సు ఉంది కాబట్టి సరిపోయింది. లేని వీధుల సంగతేమిటి?

సిస్టర్: ఆ ఫిర్యాదు ఉండనివ్వండి. దాన్ని నాకు కాదు, కాగితం మీద పెట్టి పైవాళ్లకి పంపండి. నేనూ సంతకం చేస్తాను.

ఈ తగువులో ఎముక విషయంలో సిస్టర్‌దే పైచేయి, మనుషుల విషయంలో మాస్టారిదే న్యాయం. బిగించిన ఎముక కోసం మనిషిని మంచానికి కట్టేయడం తప్పు. నడిపించే చేతులు ఇవ్వకుండా నడిపించమనడమూ తప్పే. ఇంటికి పంపేముందు నర్సునో డాక్టరునో నాలుగు ప్రశ్నలు అడగండి: ఆ కాలి మీద ఎంత బరువు మోపవచ్చు? ఎప్పటి నుంచి కూర్చోబెట్టి నిలబెట్టాలి? ఎత్తడం, తిప్పడం మాకెవరు చేసి చూపిస్తారు? ఏం కనిపిస్తే వెంటనే పరుగెత్తుకు రావాలి? జవాబులు తెలుగులో రాసివ్వమనండి. ఆ నాలుగూ చెప్పడానికి తీరికున్న నర్సు వార్డుకొకరైనా ఉండేట్టు చూడటం ప్రభుత్వాల పని, ఆసుపత్రి యాజమాన్యాల పని. అడగడం మన పని.